చివరి మూడు ఔట్లు: మరియానో రివేరా

ఈసారి టాపిక్ కొంచెం కొత్తగా ఉంటుంది. బేస్‌బాల్. ఆగండి ఆగండి, అప్పుడే పక్క వీడియోకి వెళ్లిపోకండి. బేస్‌బాల్ రూల్స్ రాకపోయినా పర్లేదు. నాకూ మొన్నటిదాకా రావు. కావల్సినవి మధ్యలో నేనే చెప్తాను.

ముందు నాకు ఈ కథ ఎలా తగిలిందో చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో నెలకి ఒక వారం ఆన్‌కాల్ పడేది. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, ఆ వారం ఫోన్ దిండు పక్కనే ఉండాలి. ఏ అర్ధరాత్రి మోగినా లేచి కూర్చోవాలి. అంతా సవ్యంగా నడిచినన్ని రోజులు మనం ఒకళ్లం ఉన్నామని కూడా ఎవరికీ గుర్తుండదు. ఒక రాత్రి మూడింటికి నిద్రమత్తులో నేను నడపకూడని స్క్రిప్ట్ నడిపేశాను. నాలుగు గంటలు సిస్టమ్ పడిపోయింది. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. మర్నాడు కాల్‌లో పదకొండు మంది. అందరూ అడగాల్సింది అడిగి వెళ్లిపోయాక, అమెరికా నుంచి మాట్లాడే ఒక పెద్దాయన మాత్రం లైన్‌లో ఉండి, "నువ్వు చేసేది క్లోజర్ పని. రివేరాకి కూడా ఇలాంటి రాత్రులున్నాయి, వెళ్లి చూడు" అన్నారు.

రివేరా ఎవరో నాకు తెలీదు. యూట్యూబ్‌లో కొట్టాను. బేస్‌బాల్ చరిత్రలోనే గొప్ప రిలీఫ్ పిచ్చర్ అని రాసుంది. సరే గొప్పోడు కదా, గెలిపించినవి వస్తాయనుకున్నాను. మొట్టమొదట వచ్చిన వీడియో ఆయన ఓడిపోయిన మ్యాచ్. రెండోది కూడా ఓడిపోయిందే. ఈ ఎపిసోడ్ అక్కడే పుట్టింది.

క్రికెట్ తెలిసినవాళ్లకి బేస్‌బాల్ రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో టీమ్‌కి మూడేసి ఔట్లు. మూడు ఔట్లు పడితే బ్యాటింగ్ అవతలి టీమ్‌కి వెళ్తుంది. బౌలర్ స్థానంలో ఉండేవాడు పిచ్చర్. బంతి నేల మీద పడి లేవదు, గాల్లోనే వెళ్లాలి. 60 అడుగుల 6 అంగుళాల దూరం, అంటే మన పిచ్ కన్నా కొంచెం తక్కువే. మ్యాచ్ మొదలుపెట్టేవాడు స్టార్టర్. ఆయన చెయ్యి అలిసిపోయాక వచ్చేవాళ్లు రిలీఫ్ పిచ్చర్లు. వీళ్లంతా మైదానం అంచున బుల్‌పెన్ అనే చోట కూర్చుని ఫోన్ కోసం చూస్తుంటారు. నిజంగానే అక్కడొక ల్యాండ్‌లైన్ ఉంటుంది, కోచ్ ఫోన్ చేస్తే లేచి వార్మప్ మొదలుపెట్టాలి. (ఆన్‌కాల్ అంటే ఇదే కదా!) వాళ్లలో ఆఖర్న, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఒకటో రెండో పరుగుల ఆధిక్యం ఉన్నప్పుడు వచ్చి చివరి మూడు ఔట్లు తీసేవాడే క్లోజర్. తీస్తే అతని ఖాతాలో ఒక 'సేవ్' పడుతుంది. తియ్యలేకపోతే 'బ్లోన్ సేవ్'. అది కూడా లెక్క రాస్తారు.

ఈ సేవ్ అనే లెక్క చికాగోకి చెందిన జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ అనే స్పోర్ట్స్ రిపోర్టర్ బుర్రలో పుట్టింది. రిలీఫ్ పిచ్చర్లు ఎంత కష్టపడినా పేరు స్టార్టర్‌కే వెళ్లిపోతోందని ఆయన బాధ. 1969లో మేజర్ లీగ్ దాన్ని అధికారికంగా ఒప్పుకుంది. అదే 1969 నవంబర్ 29న పనామాలో మన హీరో పుట్టాడు. కాకతాళీయమే అనుకోండి, కానీ నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

మరియానో రివేరా పెరిగింది ప్వెర్తో కైమీతో అనే జాలర్ల ఊళ్లో. పసిఫిక్ ఒడ్డు. నాన్న చేపల బోటుకి కెప్టెన్. పిల్లలు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తీరంలో ఆడుకునేవాళ్లు. గ్లవ్ కొనే డబ్బులేవీ? పాల డబ్బాల అట్ట మడిచి గ్లవ్ చేసుకునేవాళ్లు. చినిగిన వలపీలికలు ఉండచుట్టి, టేప్ వేస్తే అదే బంతి. చెట్టుకొమ్మ బ్యాట్. మన దగ్గర తాటిమట్ట బ్యాట్‌తో ఆడినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అసలైన తోలు గ్లవ్ పన్నెండేళ్లకి నాన్న కొనిచ్చాడు. నిజానికి రివేరాకి ఇష్టమైన ఆట ఫుట్‌బాల్, అభిమాన ఆటగాడు పెలే. చీలమండ దెబ్బలు తగిలి తగిలి అది వదిలేయాల్సి వచ్చింది.

తర్వాత నాన్న బోటు ఎక్కాడు. వలలు లాగడం, బాగుచేయడం. పంతొమ్మిదేళ్లప్పుడు ఒకసారి బోటు సముద్రంలో ఒరిగిపోతే, దాన్ని వదిలేసి ప్రాణాలతో బయటపడాల్సి వచ్చింది. ఆ తర్వాత చేపలవేట జోలికి పోలేదు.

స్థానిక జట్టులో అతను షార్ట్‌స్టాప్, అంటే ఫీల్డరు. 1988లో హెర్బ్ రేబర్న్ అనే యాంకీస్ స్కౌట్ అతని ఆట చూసి, 'అబ్బే, చాలడు' అనుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఒక మ్యాచ్‌లో వాళ్ల పిచ్చర్ చితికిపోతుంటే, ఎవరూ దిక్కులేక "నేను వేస్తా" అని రివేరా ముందుకొచ్చాడు. అప్పటికి అతను పిచ్చర్ కాదు. బాగా వేశాడు. తోటి ఆటగాళ్లు ఈ సంగతి యాంకీస్ మనుషుల చెవిన వేశారు. రేబర్న్ మళ్లీ చూశాడు. ఈసారి చూసింది సన్నటి కుర్రాణ్ని, గొప్ప వేగం కూడా లేదు, కానీ చెయ్యి తిప్పే తీరు మాత్రం నీళ్లు పారినట్టు తేలిగ్గా ఉంది. 1990 ఫిబ్రవరిలో సంతకం చేయించాడు. ఇచ్చింది మూడు వేల డాలర్ల లోపు. మేజర్ లీగ్ లెక్కల్లో అది చిల్లర.

ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంగ్లీషు ముక్క రాదు, మొదటిసారి ఇల్లు వదిలి ఫ్లోరిడాలో టాంపాకి విమానం ఎక్కాడు. ఆ మొదటి ఏడాది కింది లీగ్‌లో 52 ఇన్నింగ్స్ వేసి, ఇ.ఆర్.ఏ. 0.17 తెచ్చుకున్నాడు. ఇ.ఆర్.ఏ. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు. 3 ఉంటే మంచి పిచ్చర్ అంటారు. 0.17 అంటే నంబర్ టైప్ చేసినవాడు తప్పు కొట్టాడేమో అనిపిస్తుంది.

అయినా అతని మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. 1992లో మోచేతికి ఆపరేషన్. చేసింది ఫ్రాంక్ జోబ్, పిచ్చర్ల మోచేతి సర్జరీకి ఆద్యుడైన డాక్టరే. అదే ఏడాది చివర్లో లీగ్‌లోకి ఫ్లోరిడా మార్లిన్స్, కొలరాడో రాకీస్ అని రెండు కొత్త టీమ్‌లు వచ్చాయి. పాత టీమ్‌లు కొంతమందిని 'వీళ్లు మావాళ్లు, ముట్టుకోవద్దు' అని లిస్ట్ ఇస్తాయి, మిగతావాళ్లలోంచి కొత్త టీమ్‌లు ఏరుకోవచ్చు. యాంకీస్ లిస్ట్‌లో రివేరా పేరు లేదు. కొత్త టీమ్‌లు రెండూ కూడా అతన్ని తీసుకోలేదు. అంటే కాపాడుకోవాలని ఉన్నవాళ్లకీ అనిపించలేదు, ఎగరేసుకుపోవాలని వచ్చినవాళ్లకీ అనిపించలేదు.

1995 మే 23న మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్, స్టార్టర్‌గా. మూడు ఇన్నింగ్స్ కాసేపటికే ఐదు పరుగులిచ్చాడు. కొన్ని వారాలకి మళ్లీ కిందికి, కొలంబస్‌కి పంపించేశారు. అక్కడ జూన్‌లో ఒక విచిత్రం జరిగింది. గంటకి 90 మైళ్లు అటూఇటూగా ఉండే అతని బంతి ఉన్నట్టుండి 95 చూపించింది. అంటే 145 కిలోమీటర్ల నుంచి 153కి. జనరల్ మేనేజర్ జీన్ మైకేల్ రిపోర్ట్ చూసి రాడార్ గన్ పాడైందేమో అనుకుని వేరేచోట విచారించాడు. గన్ బాగానే ఉంది. ఆ టైమ్‌లో రివేరాని డెట్రాయిట్‌కి ఇచ్చి డేవిడ్ వెల్స్‌ని తెచ్చుకునే మాటలు నడుస్తున్నాయి, ఆ మాటలు అక్కడితో ఆగాయి. ఆ వేగం ఎలా వచ్చిందని అడిగితే రివేరా జవాబు ఎప్పుడూ ఒకటే, దేవుడిచ్చాడని. నేను ఇంజనీర్‌ని, ఆపరేషన్ తర్వాత చెయ్యి పూర్తిగా కుదురుకోవడానికి టైమ్ పట్టి ఉంటుంది అనుకుంటాను. కానీ ఆయన చెయ్యి, ఆయన నమ్మకం.

1996లో క్లోజర్ జాన్ వెటలాండ్. రివేరా అతని ముందు ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్ వేసేవాడు. రివేరా వస్తే మ్యాచ్ ఆరు ఇన్నింగ్స్‌కే అయిపోయినట్టు. యాంకీస్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది, వెటలాండ్ సిరీస్ ఎంవీపీ అయ్యాడు. అయినా టీమ్ వెటలాండ్‌ని వదిలేసుకుని తొమ్మిదో ఇన్నింగ్స్ రివేరా చేతిలో పెట్టింది.

1997 వేసవిలో, డెట్రాయిట్‌లో, మ్యాచ్‌కి ముందు రివేరా, సాటి పనామావాడైన రమీరో మెండోసాతో మామూలుగా బంతి విసురుకుంటున్నాడు. బంతి చివర్లో చటుక్కున పక్కకి కోస్తోంది. ఆటలాడకురా సరిగ్గా వెయ్యి అని మెండోసా చిరాకు. రివేరా కావాలని చెయ్యట్లేదు. ఎప్పుడూ పట్టుకునే పట్టే, ఎప్పుడూ వేసినట్టే వేస్తున్నాడు. పిచింగ్ కోచ్ మెల్ స్టాటిల్‌మైర్‌తో కలిసి ఆ కోతని పోగొట్టి బంతిని తిన్నగా చేయడానికి వారాల తరబడి తంటాలు పడ్డారు. కుదర్లేదు. సరే, ఉండనీ అనుకున్నారు. అర్థమైందా? బేస్‌బాల్‌లో అత్యంత పేరున్న బంతిని, దాన్ని వేసేవాడే బగ్ అనుకుని ఫిక్స్ చేయబోయాడు!

దాన్ని కటర్ అంటారు. ఎడమచేతి బ్యాటర్‌కి వేస్తే ఆఖరి క్షణంలో ఒంటి మీదకి దూసుకొస్తుంది. బ్యాట్ లావుపాటి చోట తగలాల్సిన బంతి పిడికిళ్ల దగ్గర సన్నటి చోట తగులుతుంది. బ్యాట్ విరుగుతుంది. మామూలుగా కుడిచేతి పిచ్చర్‌ని ఎడమచేతి బ్యాటర్లు సుఖంగా ఆడతారు. రివేరా దగ్గర ఆ సుఖం లేదు. పదహారేళ్లకి పైగా దాదాపు ఈ ఒక్క బంతే వేశాడు. ఏం వస్తుందో అందరికీ తెలుసు. తెలిసి కూడా కొట్టలేకపోయారు. రిటైరయ్యే ఏడాది మినెసోటా టీమ్‌వాళ్లు అతనికి విరిగిన బ్యాట్లతో చేసిన ఒక ఊగే కుర్చీ ఇచ్చారు.

ఈ బ్యాట్లు విరగడం గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

క్లోజర్‌గా మొదటి ఏడాదే పెద్ద దెబ్బ. 1997 ప్లేఆఫ్స్, క్లీవ్‌లాండ్‌లో నాలుగో గేమ్. ఇంకో నలుగుర్ని ఔట్ చేస్తే యాంకీస్ తర్వాతి రౌండ్‌కి వెళ్తుంది. శాండీ అలోమార్ జూనియర్ హోమ్ రన్ కొట్టాడు. స్కోరు సమం. ఆ గేమ్ పోయింది, తర్వాత సిరీసూ పోయింది. ఇరవయ్యేడేళ్లవాడు, వెటలాండ్‌ని కాదని ఇతన్ని నమ్ముకున్నారు. చాలామంది క్లోజర్ల కెరీర్లు ఇలాంటి ఒక్క బంతితో కుదేలయ్యాయి.

రివేరా ఏం చేశాడంటే, 1998, 1999, 2000 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు. మూడింటిలోనూ ఆఖరి ఔట్ పడినప్పుడు మైదానం మధ్యలో ఉన్నది అతనే. 1999లో ఎంవీపీ. అదే ఏడాది నుంచి యాంకీ స్టేడియంలో అతను బుల్‌పెన్ తలుపు తీసుకుని పరిగెత్తుకొస్తుంటే మెటాలికా పాట 'ఎంటర్ శాండ్‌మన్' వేసేవాళ్లు. ఆయనేమో భక్తుడు, ఆ హెవీ మెటల్ గోల ఆయనకి పట్టదు. పాట ఎంచింది స్టేడియం వాళ్లు.

ఇప్పుడు 2001. ఈ ఎపిసోడ్ చేసిందే దీనికోసం.

సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ ఎలా ఉందో మీకు తెలుసు. లీగ్ వారం పాటు ఆగింది. అందుకే వరల్డ్ సిరీస్ నవంబర్‌లోకి జరిగింది. యాంకీస్‌కి ఎదురు అరిజోనా డైమండ్‌బ్యాక్స్. న్యూయార్క్‌లో ఆడిన నాలుగు, ఐదు గేమ్‌లలో ఓడిపోయిందనుకున్న యాంకీస్ రెండుసార్లూ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, రెండు ఔట్లు పడ్డాక, హోమ్ రన్‌తో లేచి నిలబడింది. రెండుసార్లూ బలైంది అరిజోనా రిలీఫ్ పిచ్చర్, కొరియా కుర్రాడు బ్యుంగ్ హ్యున్ కిమ్, 22 ఏళ్లు. రెండో రాత్రి అతను మౌండ్ మీదే గొంతుక్కూర్చుండిపోయాడు. ఆ ఫుటేజ్ చూస్తే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అతనిదీ రివేరా ఉద్యోగమే మరి.

సిరీస్ 3-3. నవంబర్ 4, ఫీనిక్స్, ఏడో గేమ్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సొరియానో హోమ్ రన్‌తో యాంకీస్ 2-1తో ముందుకెళ్లింది. రివేరా వచ్చాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గుర్ని స్ట్రైకౌట్ చేశాడు. అప్పటికి ప్లేఆఫ్స్‌లో వరసగా 23 సేవ్‌లు. అంటే ఇక మ్యాచ్ అయిపోయినట్టే. న్యూయార్క్‌కి ఆ ఏడాది ఒక మంచి వార్త కావాలి, ఆ వార్త ఇంకో మూడు ఔట్ల దూరంలో ఉంది.

తొమ్మిదో ఇన్నింగ్స్. మొదటివాడు మార్క్ గ్రేస్, సింగిల్. రెండోవాడు డేమియన్ మిల్లర్ బంట్ చేశాడు, అంటే బ్యాట్ అడ్డంపెట్టి బంతిని ముందుకి నెట్టాడు. బంతి రివేరా చేతికే వచ్చింది. గొప్ప ఫీల్డర్ అతను. రెండో బేస్‌కి విసిరాడు. త్రో పక్కకి పోయింది, వెనక మైదానంలోకి. ఔట్ లేదు, ఇద్దరు రన్నర్లు. మూడోవాడు జే బెల్, మళ్లీ బంట్. ఈసారి మూడో బేస్‌కి సరిగ్గా వేశాడు, ఒక ఔట్. అక్కడ పట్టుకున్న బ్రోషస్ వెంటనే మొదటి బేస్‌కి కూడా వేసుంటే రెండోదీ వచ్చేదని చాలామంది అంటారు. వెయ్యలేదు. తర్వాత టోనీ వోమాక్ కుడివైపుకి డబుల్ కొట్టాడు. స్కోరు 2-2. సేవ్ పోయింది. తర్వాతి బంతుల్లో ఒకటి క్రెగ్ కౌన్సెల్‌కి తగిలింది, ఫ్రీగా బేస్. మూడు బేస్‌లూ నిండాయి, ఒక్క ఔట్, బ్యాటింగ్‌కి లూయిస్ గొంజాలెజ్. ఎడమచేతివాడు.

ఇక్కడ మేనేజర్ జో టోరీ ఫీల్డర్లని దగ్గరికి లాగాడు. ఒక్క పరుగు వస్తే సిరీస్ పోతుంది కాబట్టి, బంతి నేల మీద వస్తే ఇంటి దగ్గరే ఔట్ చేయాలని. లాజిక్ కరెక్టే. టీవీలో కామెంటరీ చెప్తున్న టిమ్ మెకార్వర్, మాజీ క్యాచర్, సరిగ్గా అప్పుడే ఒక మాటన్నాడు. రివేరా ఎడమచేతివాళ్ల ఒంటి మీదకి వేస్తాడు, వాళ్ల బ్యాట్లు విరుగుతాయి, విరిగిన బ్యాట్ల నుంచి బంతి ఫీల్డర్ల వెనక దగ్గర్లోనే పడుతుంటుంది, ఫీల్డర్లు ముందుకొచ్చినప్పుడు ప్రమాదం అదే అని.

రివేరా కటర్ వేశాడు. మంచి బంతి. గొంజాలెజ్ బ్యాట్ పిడికిళ్ల దగ్గర చిట్లింది. బంతి మెల్లగా గాల్లోకి లేచి, ముందుకొచ్చి నిలబడ్డ డెరెక్ జీటర్ తల మీదుగా వెళ్లి, ఖాళీ గడ్డిలో పడింది. జీటర్ మామూలు చోట ఉండుంటే అది చేతిలో క్యాచ్. 3-2. అరిజోనా చాంపియన్.

నేను ఆ క్లిప్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తప్పు త్రో ఒకటుంది, నిజమే, అది రివేరా తప్పే. కానీ ఆఖరి బంతి? వేయాల్సిన బంతే వేశాడు, వేయాల్సిన చోటే వేశాడు, జరగాల్సింది జరిగింది, బ్యాట్ విరిగింది. ఇన్నేళ్లు అతన్ని గెలిపించిన పద్ధతే ఆ రాత్రి ఓడించింది. నా స్క్రిప్ట్‌లా కాదది. నేను చేసింది తప్పు, సరిదిద్దుకోవచ్చు. అంతా సరిగ్గా చేసి కూడా పోతే ఏం సరిదిద్దుకుంటావు?

మ్యాచ్ అయ్యాక రివేరా లాకర్ దగ్గర నిలబడి విలేకర్లు అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఎపిసోడ్ చేసేవాణ్ని కాదేమో. యాంకీస్‌లో ఎన్రికే విల్సన్ అని ఒక ఆటగాడు, డొమినికన్ రిపబ్లిక్ వాడు, రివేరాకి మిత్రుడు. వరల్డ్ సిరీస్ గెలిస్తే మాన్‌హాటన్‌లో పెద్ద ఊరేగింపు ఉంటుంది. అది అయ్యాక విల్సన్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 ఫ్లైట్‌లో ఇంటికి వెళ్లాలని అనుకున్నాడు. ఓడిపోయారు కాబట్టి ఊరేగింపు లేదు. ఉండి చేసేదేముందని ముందే వెళ్లిపోయాడు. నవంబర్ 12న ఆ 587 ఫ్లైట్ న్యూయార్క్‌లో గాల్లోకి లేచిన కాసేపటికే క్వీన్స్‌లో ఇళ్ల మీద కూలిపోయింది. నేల మీదున్న ఐదుగురితో కలిపి 265 మంది చనిపోయారు.

ఆ తర్వాత రివేరా చెప్పింది ఏంటంటే, మేం ఓడిపోయినందుకు సంతోషంగా ఉంది, నా ఫ్రెండ్ నాకింకా ఉన్నాడు అని.

దీన్ని 'ఏది జరిగినా మన మంచికే' అనే ఖాతాలో వేసేయకండి ప్లీజ్. విమానంలో ఉన్న మిగతావాళ్లకి ఏ మ్యాచూ అడ్డుపడలేదు. నేను చెప్పేది ఒక్క మనిషి గురించి. కెరీర్‌లోనే పెద్ద ఓటమి జరిగి పది రోజులు కూడా కాలేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి ఒక చోటు దొరికింది.

2004 కూడా చెప్పాలి, లేకపోతే బోస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్లు కామెంట్లలో నన్ను బతకనివ్వరు. ఆ అక్టోబర్‌లో బోస్టన్ రెడ్ సాక్స్‌తో సిరీస్ మొదలవ్వడానికి కొద్ది రోజుల ముందు, పనామాలో రివేరా ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో కరెంట్ షాక్ కొట్టి భార్య తరఫు బంధువులిద్దరు చనిపోయారు, తండ్రీ కొడుకు. పూల్ శుభ్రం చేస్తూ. రివేరా పనామా వెళ్లాడు. మొదటి గేమ్ రోజు అంత్యక్రియలు చూసుకుని విమానం ఎక్కి, మ్యాచ్ మొదలయ్యాక స్టేడియం చేరాడు. ఆ రాత్రే సేవ్ చేశాడు. యాంకీస్ 3-0తో ముందుకెళ్లింది. నాలుగో గేమ్, 4-3 ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్, మళ్లీ మూడు ఔట్లు. కెవిన్ మిలార్‌కి వాక్. అతని బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. దొంగతనంగా రెండో బేస్‌కి పరిగెడతాడని స్టేడియం మొత్తానికి తెలుసు. రివేరా మూడుసార్లు మొదటి బేస్‌కి విసిరి బెదిరించాడు. బ్యాటర్‌కి వేసిన మొదటి బంతికే రాబర్ట్స్ ఉరికాడు. వెంట్రుకవాసిలో సేఫ్. బిల్ మ్యూలర్ సింగిల్, స్కోరు సమం. బోస్టన్ ఆ గేమ్ గెలిచి, వరసగా నాలుగూ గెలిచి, 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ కొట్టింది.

మరుసటి ఏప్రిల్‌లో బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో చాంపియన్‌షిప్ ఉంగరాలు పంచే రోజు. ఎదుటి టీమ్ యాంకీసే. ఆటగాళ్ల పేర్లు చదువుతున్నారు. రివేరా పేరు రాగానే స్టేడియం దద్దరిల్లేలా చప్పట్లు. ఎగతాళికే, మమ్మల్ని గెలిపించావు థాంక్స్ అని. అతను పగలబడి నవ్వి, టోపీ తీసి వాళ్లకి ఊపాడు. నా మటుకు నాకు ఆయన 652 సేవ్‌లన్నిటి కన్నా ఈ వీడియో ఇష్టం.

మిగతాది గబగబా చెప్తాను. 2009లో మళ్లీ చాంపియన్‌షిప్, ఆఖరి ఔట్ మళ్లీ అతనిదే. 2011 సెప్టెంబర్ 19న 602వ సేవ్‌తో ట్రెవర్ హాఫ్‌మన్ రికార్డు దాటాడు. 2012 మేలో కాన్సాస్ సిటీలో మ్యాచ్‌కి ముందు సరదాగా క్యాచ్‌లు పడుతూ పడిపోయాడు, మోకాలి లిగమెంట్ తెగింది. 42 ఏళ్లు. అందరూ అయిపోయిందనుకున్నారు. మర్నాడే తిరిగొస్తానన్నాడు, 2013లో వచ్చి 44 సేవ్‌లు చేశాడు. మధ్యలో ఆ 42 గురించి ఒక ముక్క. అతని జెర్సీ నంబర్ కూడా 42. నల్లజాతివాళ్లకి మేజర్ లీగ్ తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ నంబర్ అది. 1997లో ఆయన గౌరవార్థం లీగ్ మొత్తం ఆ నంబర్‌ని ఆపేసింది, అప్పటికే వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఉంచుకోవచ్చు అంది. వాళ్లలో అందరికన్నా ఆఖరున మిగిలినవాడు రివేరా.

ఇక వాదన. ఒక్క ఇన్నింగ్స్ వేసేవాణ్ని గొప్పోడనడం ఏంటని లెక్కలు వేసేవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కెరీర్ మొత్తంలో ఆయన వేసింది 1,283 ఇన్నింగ్స్ చిల్లర, పెద్ద స్టార్టర్లు అంతకి రెట్టింపు పైనే వేస్తారు. రెండు మూడు పరుగుల ఆధిక్యాన్ని మామూలు పిచ్చర్లు కూడా చాలాసార్లు కాపాడతారు. సేవ్ అనే లెక్కే కొంచెం ఉబ్బిన లెక్క, నేనూ ఒప్పుకుంటాను. కానీ సేవ్‌లు పక్కన పెట్టి ఇంకో నంబర్ చూడండి. ప్లేఆఫ్స్‌లో, అంటే అన్నీ మంచి టీమ్‌లే ఉన్నచోట, 141 ఇన్నింగ్స్ వేసి ఇ.ఆర్.ఏ. 0.70. ఆయన ఖాతాలో పడ్డ పరుగులు మొత్తం 11. చంద్రుడి మీద నడిచిన మనుషులు 12 మంది. అమెరికాలో ఈ పోలిక బాగా వాడతారు, నేను ఎత్తుకొచ్చాను.

2019 జనవరి 22న హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్లు లెక్కపెట్టారు. 425 మంది బేస్‌బాల్ రైటర్లు ఓటేశారు, 425 మందీ రివేరాకి వేశారు. అంతకు ముందు ఒక్కరికి కూడా నూటికి నూరు రాలేదు. బేబ్ రూత్‌కి రాలేదు, జాకీ రాబిన్సన్‌కి రాలేదు. క్లోజర్లకి అంత గౌరవం అనవసరం అనే ఒక రైటర్ మొదట ఓటే పంపనని రాసి, తర్వాత మనసు మార్చుకుని రివేరాకి వేశాడు. మరుసటి ఏడాది జీటర్‌కి ఒక్క ఓటు తగ్గింది.

చివరిగా ఒక సీన్. 2013 సెప్టెంబర్ 26, యాంకీ స్టేడియంలో ఆయన ఆఖరి మ్యాచ్. యాంకీస్ 4-0తో ఓడిపోతోంది. సేవ్ చేయడానికి ఏమీ లేదు. అయినా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చి వరసగా నలుగుర్ని ఔట్ చేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు పడ్డాయి. మామూలుగా పిచ్చర్‌ని మార్చడానికి మేనేజర్ నడిచొస్తాడు. ఆ రోజు మేనేజర్ రాలేదు, జీటరూ ఆండీ పెటిటూ వచ్చారు. కిందటి లీగుల నుంచి కలిసి పెరిగినవాళ్లు. "వెళ్దాం పద" అన్నట్టు పెటిట్ బంతి తీసుకున్నాడు. పంతొమ్మిది సీజన్లు మొహంలో ఏదీ కనపడనివ్వని మనిషి పెటిట్ భుజం మీద తలపెట్టి ఏడ్చేశాడు. చాలాసేపు. మిగిలిన ఆ ఒక్క ఔట్ వేరే పిచ్చర్ తీశాడు. అంతా అయిపోయాక రివేరా ఒక్కడే మళ్లీ మౌండ్ దగ్గరికి వెళ్లి, వంగి, గుప్పెడు మట్టి తీసుకున్నాడు.

ఆ పెద్దాయనకి ఈ లింక్ పంపిస్తున్నాను. తెలుగు రాదు ఆయనకి, సబ్‌టైటిల్స్ పెడతాను. వచ్చే వారం కలుద్దాం అండీ, ఉంటాను.